యాప్యము: కూలబోయే ఇంటికి ఊత



పండిత శిక్షణ కాలంలో చదువుకొన్న కొన్ని శాస్త్రపదాల విలువ పదవీ విరమణ తరువాత గాని నాకు బోధపడలేదు. వాటిలో ఒకటి ‘యాప్యము’. ఆయుర్వేదం వ్యాధులను సాధ్యాలు, అసాధ్యాలు అని చీల్చి ఊరుకోలేదు. పూర్తిగా నయం కాకపోయినా, చికిత్స సాగినంతకాలం మనిషిని నిలబెట్టగల వ్యాధికి యాప్యమని వేరే పేరు పెట్టింది. అటువంటి రోగికి వైద్యం కూలబోయే ఇంటికి సరిగా ఆనించిన గుంజ వంటిదని సుశ్రుత సంహిత పోల్చింది. చరక సంహిత శ్వాసరోగాలను అయిదుగా విభజించి, వాటిలో తమకశ్వాస కొత్తగా వచ్చినదైతే సాధ్యమనీ, లేకుంటే యాప్యమనీ చెప్పింది.

నేడు సి.ఓ.పి.డి. అని పిలిచే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల వ్యాధీ తమకశ్వాసా ఒకటేనని వాదించడం నా ఉద్దేశం కాదు. ‘నయం చేయలేము, అయినా విడువరాదు’ అనే ఆ భావం ఆధునిక వైద్యంలో ఎలా స్థిరపడిందో తెలుసుకోవాలని కొంతకాలంగా చదువుతున్నాను. ఆ కథలో పెద్ద భాగం బ్రిటన్‌లో, కుటుంబ వైద్యుల చేతుల మీదుగా జరిగింది.

1948 జూలై 5న అక్కడ జాతీయ ఆరోగ్య సేవ మొదలై, ఎవరైనా ఒక కుటుంబ వైద్యుని వద్ద పేరు నమోదు చేసుకొనే వీలు కలిగింది. బొగ్గుపొగ, గనుల ధూళి, సిగరెట్టు కలిసి దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌ను ఇంటింటి రోగం చేసిన కాలమది. చలికాలం వస్తే ఆ దగ్గు ముందుగా వినేది కుటుంబ వైద్యుడే. 1952 నవంబరులో ఈ వైద్యులు తమకంటూ ఒక కాలేజీని సంస్థగా ఏర్పరచుకొన్నారు. మరుసటి నెల 5 నుండి 9 వరకు లండను నగరాన్ని పొగమంచు కమ్మింది. అప్పటి లెక్కలో సుమారు 4,000 మంది దానికి బలి అయ్యారు. ఆ సంఖ్య 12,000 దాకా ఉండవచ్చని తరువాతి పరిశోధకులు అన్నారు. 1961లో ఆ కాలేజీ వైద్యులు తమ రోగులనే పరిశీలించి, దేశంలో బ్రాంకైటిస్ ఎంతగా వ్యాపించిందో తెలిపే నివేదిక ప్రకటించారు.

ఊపిరిని కొలిచే స్పైరోమీటరును జాన్ హచిన్సన్ 1846లోనే వర్ణించాడు. అది కుటుంబ వైద్యుని బల్లమీదికి చేరడానికి వందేళ్ళకు పైగా పట్టింది. అంతకుముందే అందరికీ అందినది ఒక ప్రశ్న: ఎంతదూరం నడవగలరు? వేల్స్ గని కార్మికులను పరీక్షించిన చార్లెస్ ఫ్లెచర్ కృషినుండి పుట్టిన కొలమానం ఆయాసాన్ని అయిదు మెట్లుగా విభజిస్తుంది. బాగా శ్రమిస్తేనే ఆయాసం రావడం మొదటి మెట్టు. వడిగా నడిచినా, చిన్న మిట్ట ఎక్కినా వస్తే రెండవది. సమవయస్కులతో సమంగా నడవలేకపోతే మూడవది. నూరు గజాలకే ఆగవలసివస్తే నాలుగవది. గడప దాటలేకపోయినా, బట్టలు మార్చుకొన్నా ఆయాసపడితే అయిదవది. ఈ కొలతకు యంత్రం అక్కరలేదు. రోగి ఇల్లు, వీధి తెలిసిన వైద్యుడు ఉంటే చాలు.

1967లో సిసిలీ సాండర్స్ లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. ఆమె నర్సుగా, సంఘసేవికగా, ఆపై డాక్టరుగా పనిచేసినవారు. అవసానదశలోని రోగి శరీరబాధను, మనోవ్యథను, ఇంటివారి దిగులును కలిపి ఒకే వేదనగా చూడాలని బోధించారు. ఆ సేవకు ‘పల్లియేటివ్’ అన్న పేరు తరువాత స్థిరపడింది. లాటినులో ‘పల్లియం’ అంటే పైవస్త్రం. ఆ వస్త్రం చాలాకాలం క్యాన్సరు రోగులకే ఎక్కువగా దక్కింది. 2000లో ‘థొరాక్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశీలన, ముదిరిన సి.ఓ.పి.డి. ఉన్న 50 మందిని, శస్త్రచికిత్సకు లొంగని ఊపిరితిత్తుల క్యాన్సరు ఉన్న 50 మందితో పోల్చింది. ఆందోళన, మానసిక కుంగుబాటు క్యాన్సరు వారిలో 52 శాతం మందికి ఉంటే, ఆయాసరోగులలో 90 శాతం మందికి ఉన్నాయి. అయినా ఆ ఆయాసరోగులలో ఒక్కరికీ ప్రత్యేక ఉపశమన సేవ అందలేదు.

కారణం వ్యాధి నడకలోనే ఉంది. ఒక చలికాలం ముంచుతుంది, రోగి తేరుకొంటాడు, మునుపటి మెట్టుకు మాత్రం రాలేడు. ‘ఇదే ఆఖరు’ అని చెప్పగల రోజు తెలియదు. ఆ రోజు కోసం కాచుకొని కూర్చుంటే ఉపశమనం ఎన్నటికీ మొదలుకాదు. అందుకే మందు పీల్చే పద్ధతి నేర్పడం, పొగ మాన్పించడం, టీకా వేయడం, రక్తంలో ప్రాణవాయువు బాగా తగ్గినవారికి ఇంట్లో రోజుకు 15 గంటలు ఆక్సిజన్ ఇవ్వడం, భయం గురించి మాట్లాడడం – ఇవన్నీ ఒకే చేతిలో ఉండాలన్న ఆలోచన బలపడింది. బ్రిటన్ 2004లో కుటుంబ వైద్యుల చెల్లింపులను సి.ఓ.పి.డి. రోగుల పట్టికతోనూ, 2006లో ఉపశమన సేవ అవసరమైనవారి పట్టికతోనూ ముడిపెట్టింది. మన దేశంలో కేరళ 2008లో ఉపశమన సేవకు ప్రభుత్వ విధానం ప్రకటించి, ఇంటికి వెళ్ళి చూసే పద్ధతికి ప్రాధాన్యమిచ్చింది.

ఇదంతా ఎందుకు చదివానో చెప్పాలి. మా అమ్మ ఏనాడూ పొగ తాగలేదు. నలభై ఏళ్ళు ఊదుగొట్టంతో కట్టెలపొయ్యి ఊదింది. ఆమె ఆయాసాన్ని మేము ఏడేళ్ళు ‘వయసు’ అన్నాం. 1996 చలికాలంలో ఒక పెద్ద ఆసుపత్రివారు, “ఇక చేయవలసినదేమీ లేదు, ఇంటికి తీసుకుపొండి” అన్నారు. ఆ వాక్యంలో రెండవ భాగం తప్పు కాదు. మొదటిదే తప్పు.

ఇంటికి తెచ్చిన మరునాడు మా వూరి డాక్టరుగారు సంచి పట్టుకొని వచ్చారు.

“అమ్మగారూ, పెరట్లో నూతిదాకా ఆగకుండా నడవగలుగుతున్నారా?”

“మొన్నటిదాకా వెళ్ళేదాన్ని నాయనా. ఇప్పుడు చీర మార్చుకొంటేనే రొప్పు వస్తోంది.”

అది అయిదవ మెట్టని నాకు పాతికేళ్ళ తరువాత తెలిసింది. ఆయన మంచం కిటికీ దగ్గరికి జరిపించారు. ముందుకు వంగి ఆనుకోవడానికి బల్లమీద తలగడ పెట్టించారు. ముఖానికి విసనకర్రతో విసరమన్నారు. ఇదీ ఒక వైద్యమేనా అనుకొన్నాను. ముఖానికి తగిలే చేతిపంకా గాలి ఆయాసపు బాధను తగ్గిస్తుందని 2010లో కేంబ్రిడ్జి పరిశోధకులు ప్రకటించిన సంగతి చదివినప్పుడు సిగ్గుపడ్డాను. ఆయన వారానికి రెండుసార్లు వచ్చేవారు. అమ్మ నాలుగు నెలలు ఉంది. చివరి రాత్రి నా చేతిలో విసనకర్ర ఉంది, ఆమె ముఖంలో భయం లేదు.

ఆ ఏడేళ్ళలో మేము ఒక్కరోజైనా “ఎంతదూరం నడవగలుగుతున్నావమ్మా?” అని అడగలేదు. మీ ఇళ్ళలో పెద్దలు మెట్టుమెట్టుకూ ఆగుతూ ఉంటే, దయచేసి అడగండి.