కిలిమంజారో: చూసినవారూ, మోసినవారూ

ముప్ఫై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక, ఏ కొత్త పేరు చెవిని పడినా దాని వ్యుత్పత్తి ఏమై ఉంటుందా అని వెతకడం నాకు అలవాటు. ఈ మధ్యకాలంలో మన పిల్లలు ఆఫ్రికా వెళ్ళి కిలిమంజారో ఎక్కి వస్తున్నారు. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ 2016లో ఈ శిఖరాన్నీ అధిరోహించింది. ఎత్తు 5895 మీటర్లు. ఆఫ్రికా ఖండంలో దీన్ని మించినది లేదు. అయినా తాళ్ళతో పాకవలసిన పని లేకుండా, కాళ్ళలో సత్తువ, పలచని గాలిని తట్టుకునే ఓపిక ఉన్నవారు ఆరేడు రోజుల్లో నడిచి ఎక్కి దిగగల కొండ కావటాన ఏటా వేలమంది అక్కడికి చేరుతున్నారు. ఆ పేరు వెంట పడి నేను చదివినదంతా చివరికి ఒక పెద్ద ప్రశ్న దగ్గర ఆగింది. అదే మిత్రుల ముందుంచుతున్నాను.

ముందు పేరు సంగతి. స్వాహిలీ భాషలో 'మ్లిమా' అంటే కొండ, 'కిలిమా' అంటే చిన్నకొండ. ఖండంలోకెల్లా పెద్దదానికి గుట్ట అని పేరు! 'న్‌జారో' అన్న మాటను తెల్లదనమని కొందరు, చలి పుట్టించే భూతమని కొందరు వ్యాఖ్యానించారు. విశేషమేమంటే, ఆ కొండ ఒడిలో అరటితోటలు వేసుకుని తరతరాలుగా బతుకుతున్న చాగా జనం మొత్తం కొండకు ఒక్క పేరు పెట్టుకోలేదని చెబుతారు. వారికి ఉన్నవి రెండు శిఖరాలు: కిబో, మవెంజీ. మవెంజీ నిప్పు అడగటానికి మాటిమాటికీ కిబో ఇంటికి వచ్చేదట. విసిగిపోయిన కిబో చితకబాదిందట. మవెంజీ కొన అంత గరుకుగా, పగిలినట్లు ఉండటానికి అదే కారణమట. పొరుగింటికి పోయి నిప్పు తెచ్చుకున్న పల్లెల్లో పుట్టిన నాబోటివాడికి ఈ కథ పరాయిదిగా తోచలేదు.

ఆ కొనమీది తెల్లని పదార్థం ఏమిటో తెలుసుకోవాలని చాగా పాలకుడు రుంగువా కొందరు మనుషులను పైకి పంపాడట. తిరిగి వచ్చినవాడు సబాయా ఒక్కడే. చలికి చేతులూ కాళ్ళూ చెడిపోయి వచ్చాడు. ఈ వృత్తాంతాన్ని విని రాసిపెట్టినవాడు యోహానెస్ రెబ్‌మాన్ అనే జర్మను మిషనరీ. ఆయుధాలు పట్టక, ఒక గొడుగు చేతబట్టుకుని తీరం నుండి లోపలికి నడిచిన ఈయన 1848 మే 11న దూరాన తెల్లని శిఖరాన్ని చూశాడు. దారి చూపుతున్న స్థానికుడు ఆ తెలుపును 'చలి' అన్నాడు. మంచును ఎరుగని భాషలో అంతకన్న సరైన మాట ఏముంటుంది?

రెబ్‌మాన్ కథనం మరుసటి ఏడు లండనులో అచ్చయింది. అక్కడ విలియం డెస్‌బరో కూలీ అనే భూగోళ పండితుడు దాన్ని కొట్టిపారేశాడు. భూమధ్యరేఖ చెంత మంచు ఉండటానికి వీల్లేదు, అదంతా భ్రమ అన్నాడు. ఆయన ఆఫ్రికాలో అడుగుపెట్టినవాడు కాడు. పుస్తకాలే ఆయన ప్రయాణాలు. మన తర్కశాస్త్రం ప్రత్యక్షాన్ని ప్రమాణాలన్నిటిలో జ్యేష్ఠమన్నది. ఇక్కడ అనుమానం పెద్దపీట వేసుకు కూర్చుని ప్రత్యక్షాన్ని గడప బయట నిలబెట్టింది. ఇంటిపేరు కూలీయే గాని, కూలీల మాట మాత్రం ఆయనకు చెవికెక్కలేదు. 1861, 62 సంవత్సరాల్లో ఫాన్ డెర్ డెకెన్ అనే జర్మను ప్రభువు కొండపైకి కొంతమేర వెళ్ళి మంచు ఉన్నదని రుజువు చేశాక గాని వివాదం సద్దుమణగలేదు. లండను భూగోళ సంఘం డెకెన్‌కు బంగారు పతకం ఇచ్చింది. వేళ్ళు పోగొట్టుకుని ఆ సంగతే ముందు చెప్పిన సబాయాకు పతకం లేదు.

తరువాత కొండ చేతులు మారింది. విక్టోరియా రాణి తన మనుమడు కైజరుకు పుట్టినరోజు కానుకగా దీన్ని ఇచ్చిందని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. అది కట్టుకథ. 1886లో ఇంగ్లండు, జర్మనీలు తూర్పు ఆఫ్రికాను పటం మీద పంచుకున్నప్పుడు కొండ జర్మనీ వైపు పడింది. ఆ పంపకంలో చాగా జనాన్ని అడిగినవారు లేరు.

1889 అక్టోబరు 6న హాన్స్ మేయర్, లుడ్విగ్ పుర్ట్‌షెల్లర్ కిబో కొనకు చేరారు. మేయర్‌కు అది మొదటి ప్రయత్నం కాదు. ఈసారి ఆయన కొండ మీద అంచెలంచెలుగా మజిలీలు ఏర్పరచి, మరంగు నుండి మోతగాళ్ళచేత ఆహారం తెప్పించుకున్నాడు. విజయ రహస్యం అదే. కొన మీద జెండా పాతి, దానికి కైజర్ విల్‌హెల్మ్ శిఖరమని నామకరణం చేశాడు. అక్కడి రాయిని పట్టుకెళ్ళి చక్రవర్తికి సమర్పించాడు. ఎగువ మజిలీలో చలికి ఓర్చి కాపున్న పంగానీ వాసి మ్వినీ అమానీ పేరు మేయర్ రచనలో దొరుకుతుంది. మిగిలిన మోతగాళ్ళు చరిత్రలో ఒక సంఖ్యగానే మిగిలారు.

ఆ కొండ కింద మరో చరిత్ర కూడా నడిచింది. మోషీ పాలకుడు మంగి మెలి 1892లో జర్మను దళాన్ని ఓడించాడు. మరుసటి ఏడు తానే ఓడిపోయాడు. 1900 మార్చి 2న అతన్నీ, మరికొందరు నాయకులనూ ఉరితీశారు. మెలి తలను జర్మనీకి తరలించారని చాగా జనం నమ్మకం. వంశీకులు దశాబ్దాలుగా వెతుకుతున్నారు. 2023లో బెర్లినులోని పుర్రెలను డీఎన్ఏ పరీక్ష చేస్తే ఆ ప్రాంతపు కుటుంబాలతో పోలిక కుదిరినవి బయటపడ్డాయి. కొండమీది రాయి వెళ్ళిన దారినే కొండకింది మనుషుల తలలూ వెళ్ళాయన్నమాట.

1989లో మేయర్ ఆరోహణకు నూరేళ్ళు నిండినప్పుడు ఒక లోటు కొట్టవచ్చినట్లు కనిపించింది. ఆ ఘనతలో ఆఫ్రికావాడి పేరేదీ? అప్పుడు మరంగు వృద్ధుడు యోహానీ లావువోను ఆనాటి మార్గదర్శిగా గుర్తించి సత్కరించారు. అతని వయసు నూటపద్దెనిమిది అన్న లెక్కను నమ్మడం కష్టం, దానికి తగిన పత్రాలు లేవు. మేయర్ మాత్రం శిఖరానికి చేరినవారం ఇద్దరమేనని రాశాడు. నా మటుకు నేను దీన్ని ఇలా అర్థం చేసుకుంటాను: పేర్లు రాసిపెట్టనివారు ఒక ఖాళీని మిగిల్చిపోయారు. నూరేళ్ళ తరవాత జనం ఒక తాత పేరుతో దాన్ని పూడ్చుకున్నారు. దోషం తాతది కాదు, ఖాళీ వదిలినవారిది.

శిఖరం పేరు మాత్రం మారింది. 1959లో జూలియస్ న్యెరేరే, ఆ కొండ నెత్తిన ఒక దీపం వెలిగించి సరిహద్దుల అవతలివారికి కూడా ఆశ కల్పించాలని కోరాడు. 1961 డిసెంబరు 9న టాంగన్యీకా స్వతంత్రమైనప్పుడు అలెగ్జాండర్ న్యిరెండా అనే సైనికాధికారి కొన మీద జెండానూ జ్యోతినీ నిలిపాడు. కైజర్ పోయి 'ఉహురు' వచ్చింది. ఆ మాటకు స్వేచ్ఛ అని అర్థం.

ఇప్పుడు మరో విషాదం. కూలీగారు లేదు పొమ్మన్న ఆ మంచు నిజంగానే లేకుండా పోతున్నది. 1912లో సుమారు 11.4 చదరపు కిలోమీటర్లున్న హిమం 2011 నాటికి 1.76కు తగ్గింది. ఉన్నప్పుడు నమ్మనిది, పోయాక నమ్మించడానికి మిగిలేవి చూసినవారి మాటలే.

నేటికీ గైడు లేకుండా ఆ కొండ ఎక్కనివ్వరు. డేరా, వంటసామాను, తిండి మోతగాళ్ళ వీపున, నెత్తిన వెళతాయి. ఒక్కొక్కరికి ఇరవై కిలోలు మించకూడదని నియమం. ఎక్కి వచ్చే మన పిల్లలను నేను కోరేది ఒక్కటే. శిఖరం ఫొటో కింద మీ పేరు రాసుకోండి, సంతోషం. మీ మూట మోసినవారి పేరు కూడా అడిగి, పక్కనే రాయండి. చరిత్రకు కావలసిన సాక్ష్యం కొన్నిసార్లు అంత చిన్నది.

స్వస్తి.