హైదరాబాదు క్లోరోఫారము సంఘము: ఒక సిఫారసు బలము

విశాఖపట్నము రేవులో 10వ నంబరు తుపాను సూచిక ఎగురవేసినచో పడవ తీయు జాలరి ఉండడు. 1వ నంబరు కనబడినప్పుడు మాత్రము తన ఆలోచన తాను చేసికొనును. వైద్యసంఘములు చేయు సిఫారసులందును ఇట్టి తారతమ్యము కలదు. అది ఏల అవసరమో తెలుపు చరిత్ర ఒకటి మన తెలుగుదేశముననే జరిగినది.

1847లో ఎడింబరోలో సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమును మత్తుమందుగా ప్రవేశపెట్టెను. మరుసటి సంవత్సరమే ఇంగ్లండులో, కాలిగోరు తీయించుకొనవచ్చిన 15 ఏండ్ల బాలిక ఆ మత్తులోనే మరణించెను. ముందు ఆగునది గుండెయా, ఊపిరియా? లండను వైద్యులు గుండెను శంకించిరి. ఊపిరిని గమనించిన చాలునని ఎడింబరో వారనిరి.

హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డు లారీ ఎడింబరోలో చదివినవాడు. ఆయన 1888లో ఒక సంఘమును ఏర్పరచి, కుక్కలపై ప్రయోగములు చేయించి, తన గురువుల మాటయే నిజమని ప్రకటించెను. లండనులోని ‘లాన్సెట్’ పత్రిక నమ్మలేదు. అంతట నిజాము మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌనులిచ్చి, ఆ పత్రికయే ఒక పరీక్షకుని పంపవలసినదని కోరెను. 1889లో లాడర్ బ్రంటన్ వచ్చెను. ఈసారి 400కు పైగా జంతువులను పరీక్షించిరి. ఊపిరియే ముందు ఆగుచున్నదని బ్రంటన్ కూడ ఒప్పుకొనెను. ఊపిరిని చూడుడు, నాడితో పనిలేదు అనునది 1890లో వెలువడిన నివేదిక సారము.

వారు చూచినది అబద్ధము కాదు. కాని అది ముఖ్యముగా, ఆరోగ్యముగల జంతువులకు మోతాదు మించినపుడు జరుగునది. భయముతో బల్లపై పరుండి, మత్తు సగమే ఎక్కిన రోగి మాట వేరు. తేలిక మత్తులోనున్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కించినచో గుండె లయ తప్పి, అదరుచు హఠాత్తుగా ఆగిపోవునని 1911లో లెవీ చూపెను. భయపడినవాని రక్తములో ఊరునదియు ఈ అడ్రినలినే!

అడిగిన ప్రశ్నకు సూటిగా తగులని ఆధారము, జంతువులెన్ని ఉన్నను, బలహీనమే. 2000లో ఆరంభమైన ‘గ్రేడ్’ అను అంతర్జాతీయ బృందము ఇట్టి పరోక్షాధారమునకు విలువ తగ్గించును. దాని పద్ధతిలో ఆధారమునకు ఉన్నతము, మధ్యమము, అల్పము, అత్యల్పము అని నాలుగు మెట్లు. సిఫారసులు మాత్రము రెండే రకములు. గట్టిది ఇంచుమించు రోగులందరికి వర్తించును; షరతుగలది రోగి ఇష్టమును, వీలును చూచి నిర్ణయించుకొనవలసినది. ఈ రెండు కొలతలును ఒకటి కావు. ఆధారము ఉన్నతమైనను లాభనష్టములు సరితూగినచో సిఫారసు షరతుగలదే యగును. ప్రాణముమీదికి వచ్చినపుడు అల్పాధారముతోనే గట్టిగా చెప్పవలసి రావచ్చును.

ఊపిరిని గమనింపుమని లారీ పట్టుబట్టుట మేలే చేసినది. నాడి అక్కరలేదన్న తోకయే ప్రమాదము. నేటి శస్త్రచికిత్సాగారములలో క్లోరోఫారము లేదు. ఊపిరిని, గుండె లయను, రక్తములోని ఆక్సిజనును యంత్రములు ఎడతెగక కనిపెట్టుచుండును.