ఎరువు సొమ్ము కాని నియమములు

ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దల మాట. నగల విషయమున అది నిజమే. ఆచారముల విషయమునను నిజమగునా? తరతరములుగా తమిళ, కన్నడ సోదరుల నడుమ బ్రదుకుచున్న గురుబరపల్లి, కృష్ణగిరి, హోసూరు తెలుగు కుటుంబములకు ఈ ప్రశ్న క్రొత్తది గాదు. పొరుగువారినుండి ఏది గ్రహించినను మనది పోవునేమో యను శంక మనలో కలుగుచునే యుండును. ఈ శంకకు చరిత్రలో నొక సమాధానము కలదు.

దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమయందు మరియన్‌హిల్ అనుచోట, ట్రాపిస్టులను క్రైస్తవ సన్న్యాసులు 1882లో నొక మఠమును స్థాపించిరి. మౌనము, శాకాహారము, కాయకష్టము, ప్రార్థన వారి నియమములు. 1895లో గాంధీగారు ఆ మఠమును దర్శించి, మెచ్చుకొని వ్యాసము వ్రాసిరి. 1910లో సత్యాగ్రహుల కుటుంబములకు నిలువనీడ కావలసివచ్చెను. అప్పుడు ఆయన మిత్రుడగు కాలెన్‌బాక్, జొహాన్నెస్‌బర్గు సమీపమున నున్న తన 1,100 ఎకరముల భూమిని అద్దె లేకుండ నిచ్చెను. అదియే టాల్‌స్టాయి క్షేత్రము. చెప్పులు కుట్టుపనిని కాలెన్‌బాక్ మరియన్‌హిల్ సన్న్యాసులయొద్దనే నేర్చివచ్చెను.

ఆ క్షేత్రమున గుజరాతీలు, ఉత్తరాదివారు, తమిళులే గాక మన ఆంధ్రులును నివసించిరి. హిందువులు, ముస్లిములు, పారసీలు, క్రైస్తవులు ఒక్క వంటశాలలోని శాకాహారమునే భుజించిరి. నౌకరులు లేరు. సొంత పనిమీద నగరమునకు పోవలసినవారు 21 మైళ్ళు నడిచియే పోవలెను. రంజాను మాసమున ముస్లిము బాలురతో కూడ ఇతర బాలురును ఉపవసించిరి. అయినను ఎవరి దైవమును వారే కొలిచిరి.

ఆ క్షేత్రము 1913 నాటికే ముగిసినను, దాని నియమములు గాంధీగారితో సబర్మతికి వచ్చినవి. అచ్చటినుండి నెల్లూరు చెంత పెన్నయొడ్డుననున్న పల్లిపాడునకు చేరినవి. దిగుమర్తి హనుమంతరావుగారు, చతుర్వేదుల వేంకటకృష్ణయ్యగారు నెలకొల్పిన పినాకినీ సత్యాగ్రహాశ్రమమును 1921 ఏప్రిలు 7న గాంధీగారే ప్రారంభించిరి. మన హోసూరు ప్రక్కనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీగారు, 1925లో తిరుచెంగోడు దగ్గర పుదుప్పాళయమున ఇట్టి ఆశ్రమమునే స్థాపించి సకుటుంబముగా నివసించిరి.

ఈ ప్రయాణమున ఏది నిలిచినది, ఏది జారిపోయినది యని విచారింపవలెను. సన్న్యాసుల మౌనవ్రతము రాలేదు, వారి మతమును రాలేదు. ఒకరి శ్రమ నొకరు పంచుకొనుట, మితవ్యయము, ప్రార్థన మాత్రము నిలిచినవి. మఠమున చెప్పులు కుట్టుపనికున్న గౌరవము పల్లిపాడులో రాట్నమునకు దక్కెను. ఏకాదశి ఉపవాసము, రామభజన తెలిసిన మనవారికి ఈ నియమములు పరాయివిగా తోచలేదు. పల్లిపాడువారు గుజరాతీలు కాలేదు, తెలుగువారుగనే యుండిరి.

కాబట్టి గ్రహించుటవలన నష్టము లేదు. ఏది గ్రహించుచున్నామనునదే ముఖ్యము. పొరుగు పెండ్లిలోని ఆడంబరమును మనము ఒక్క ముహూర్తములో నేర్చుకొందుము. అప్పు చేసియైనను దానిని మించజూతుము. పొరుగువారి పొదుపును నేర్చుటకు మాత్రము ఏండ్లు పట్టును. ఆడంబరమే నిజముగ ఎరువు సొమ్ము.

రాబోవు ఉగాదికి మన సంఘమున కూలికి వడ్డించువారిని పిలువక, మన చేతులతో మనమే వండి, అందర మొక్క పంక్తిని భుజించి, పాత్రలు కడుగుటలో పిల్లలనుగూడ చేర్చుకొందము. ఆ పని చేయుచు వారు తెలుగుననే మాటలాడుకొందురు. అంతకు మించిన భాషారక్షణ మనకు వేరొకటి కానరాదు.