రంగు మార్చుకున్న యుద్ధ విమానాలు

కాసిపేట బొగ్గుబాయిల మీదుగా డకోటా విమానం నడపాలంటే ఇవాళ పైలట్ లైసెన్సు అక్కర్లేదు, కంప్యూటరు ఉంటే చాలు. హైదరాబాద్ బేగంపేటలో ఎక్కి ఈశాన్యానికి ముక్కు తిప్పితే సూటిగా రెండు వందల కిలోమీటర్లు. గంటలోపే దేవాపూర్ సిమెంటు ఫ్యాక్టరీ దాకా వచ్చేయొచ్చు. అక్కడి నుంచి కుడికి, ఆగ్నేయంగా మళ్లితే గోదావరి, అవతల గోదావరిఖని ఓపెన్‌కాస్టు గనులు, వాటిలోంచి తవ్విపోసిన మట్టి గుట్టలు. 2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఉపగ్రహ చిత్రాలతోనే నేలను పరుస్తుంది మరి. అయితే ఈ ఆటగాళ్లకు నేల కన్నా విమానం ఒంటి మీది రంగే పెద్ద పట్టింపు. దాన్ని వాళ్లు లివరీ అంటారు. యుద్ధకాలపు విమానాన్ని మళ్లీ తయారుచేయడం ఒక పని. యుద్ధం తర్వాత దానికి కట్టిన పౌర వేషాన్ని సరిగ్గా వేయడం మరో పని. రెండోదానికి కావలసిన సరుకు హైదరాబాద్ చరిత్రలో పుష్కలంగా ఉంది.

ముందు డకోటా సంగతి. ప్రయాణికుల డీసీ-3 మొదట ఎగిరింది 1935 డిసెంబర్ 17న. రెండో ప్రపంచయుద్ధం వచ్చాక విమానం లోపలి నేలను గట్టిపరిచి, ఎడమ పక్క వెనకవైపు జీపు పట్టేంత జోడు తలుపు పెట్టి సీ-47 చేశారు. డకోటా అని పేరు పెట్టింది బ్రిటిష్ వైమానిక దళం. పది వేలకు పైగా తయారయ్యాయి. యుద్ధం ముగిశాక భారతదేశంలో మిగిలిపోయినవి చవగ్గా అమ్ముడుపోయాయి. వాటిలో చాలావాటిని బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం బాగుచేసి పౌర సంస్థలకు ఇచ్చింది.

హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపింది ఈ డకోటాలనే. 1946లో సర్వీసులు మొదలయ్యాయి. మద్రాసు నుంచి హైదరాబాద్, నాగపూర్ మీదుగా ఢిల్లీకి వెళ్లే విమానం మన బొగ్గు ప్రాంతానికి పడమరగా, ఆదిలాబాద్ అడవుల మీదుగా సాగేది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు మిగతా సంస్థలు ఉద్యోగం ఇవ్వం అంటే, ఇచ్చిందీ ఈ హైదరాబాద్ కంపెనీయే. 1949 జనవరిలో మొదలైన రాత్రి టపా విమానాలను కూడా కొంతకాలం ఈ సంస్థ నడిపింది. నాలుగు మహానగరాల నుంచి వచ్చిన విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో ఉత్తరాల సంచులు మార్చుకుని వెనుదిరిగేవి. 1953 ఆగస్టు 1న ఎనిమిది సంస్థలు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయాయి. డెక్కన్ పేరు విమానాల మీద నుంచి చెరిగిపోయింది.

సిమ్యులేటర్‌లో ఇలాంటి పేరును తిరిగి రాయడం ఎలాగో 2003లో విడుదలైన ఫ్లైట్ సిమ్యులేటర్ 2004 ఆడినవాళ్లకు బాగా తెలుసు. అందులో డీసీ-3 ఆటతోనే వచ్చేది. దాని టెక్స్చర్ ఫోల్డరును కాపీ చేసుకోవాలి. రెక్కలు, తోక, పొట్ట ముక్కలు ముక్కలుగా పరిచి ఉన్న బొమ్మల మీద ఫోటోషాప్‌లో రంగు వేయాలి. తర్వాత ఎయిర్‌క్రాఫ్ట్ కాన్ఫిగ్ ఫైలులో కొత్త పేరు, భారత విమానాల గుర్తు వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ చేర్చాలి. పని అంతే. చిక్కంతా తలుపు దగ్గర వస్తుంది. సైన్యం నుంచి వచ్చిన డకోటాకు ఆ పెద్ద సరుకుల తలుపు పౌర వేషంలోనూ చాలాసార్లు అలాగే ఉండిపోయింది. చిన్న తలుపున్న డీసీ-3 మోడల్ మీద అలాంటి విమానం రిజిస్ట్రేషన్ రాస్తే, తెలిసినవాళ్లు చూడగానే పట్టేస్తారు. పట్టుకోవాలి కూడా.

పౌర వేషం ప్రతిసారీ అమాయకమైనదే కాదు. లాంకాస్టర్ బాంబర్‌లో తుపాకుల టరెట్లు పీకేసి, ముక్కు నున్నగా మూసేసి, ప్రయాణికులకు, టపాకు అనువుగా మార్చితే అది లాంకాస్ట్రియన్. 1948లో ఆస్ట్రేలియా పైలట్ సిడ్నీ కాటన్ అలాంటి విమానాల్లోనే కరాచీ నుంచి రాత్రిళ్లు హైదరాబాద్ సంస్థానానికి ఆయుధాలు చేరవేశాడు. వరంగల్, బీదర్ ఏరోడ్రోములు అందుకు పనికొచ్చాయి. ఆ సెప్టెంబర్‌లో భారత సైన్యం సంస్థానం మీదికి కదిలినప్పుడు టెంపెస్ట్ విమానాలు ఆ రెండింటి మీదా బాంబులు వేశాయి. కాటన్‌కు లండన్‌లో పడిన శిక్ష రెండు వందల పౌండ్ల జరిమానా!

హైదరాబాద్ పేరు అసలైన యుద్ధ రంగుల్లోనూ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం (ఆర్‌ఏఎఫ్) 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ విమానాలు కొనిపెట్టింది నిజాం. ఇది ఆయన కానుక అని ఒక్కో విమానం ఒంటి మీద రాసి ఉండేది. ఎఫ్ 1010 నంబరుది 1918 అక్టోబర్‌లో జర్మన్లకు చిక్కి, బెర్లిన్ మ్యూజియానికి, అక్కడి నుంచి పోలండుకు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను మారకంగా ఇచ్చి లండన్ ఆర్‌ఏఎఫ్ మ్యూజియం దాన్ని తెచ్చుకుంది. ఆ అక్షరాలు ఇప్పుడు కూడా చదవొచ్చు. రెండో యుద్ధంలో 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లకు యూఎమ్ అక్షరాల గుర్తు. స్క్వాడ్రన్ చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. బర్మా రంగంలో వీటి ఒంటి మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేశారు. కంబాట్ సిమ్యులేటర్లలో స్పిట్‌ఫైర్ నడిపేవాళ్లు ఇలాంటి గుర్తుల కోసం పడిచస్తారు. ఆ తలపాగా ఎవరిదో వాళ్లలో ఎందరికి తెలుసన్నది వేరే సంగతి.

యుద్ధపు రంగులకు ఆధారాలు దొరికినంత సులువుగా పౌర రంగులకు దొరకవు. సైన్యం ప్రతి అక్షరం కొలత కాగితం మీద పెట్టింది. చిన్న ఎయిర్‌లైన్ల కాగితాలు అంత పదిలంగా మిగలలేదు. ఆ కాలపు ఫోటోలు నలుపు తెలుపువి కావడంతో, తోక మీది గీత ఎరుపో నీలమో తేల్చడం కష్టం. ఊహించి రంగు వేసేవాళ్లు ఆ మాట ఫైలుతో పాటే రాసిపెట్టడం మర్యాద.

కాబట్టి ఒక విన్నపం. మీ తాతగారో పెదనాన్నగారో బేగంపేటలో మెకానిక్‌గానో టపా విభాగంలోనో పనిచేసి ఉంటే, డెక్కన్ ఎయిర్‌వేస్ టికెట్టో, లగేజీ చీటీయో, టైంటేబులో, విమానం ముందు దిగిన ఫోటోయో ఇంట్లో ఉంటే, పాత కాగితాల కింద కిలోకు అమ్మేయకండి. స్కాన్ చేసి, వెనకాల రాసి ఉన్న తేదీతో సహా దాచండి.