నీతికథల పాత్రలు, ఎన్నికల అభ్యర్థులు: అమెరికా వ్యంగ్యచిత్రాల చరిత్ర (1870–1906)

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• అమెరికా ఎన్నికల ప్రచారంలో నీతికథల, బాలల కథల పాత్రలను ఎందుకు వాడారో వివరించగలుగుతారు.
• గాడిద, ఏనుగు అమెరికా రాజకీయ పార్టీలకు గుర్తులుగా మారిన క్రమాన్ని తెలుపగలుగుతారు.
• వ్యంగ్యచిత్రాన్ని చారిత్రక ఆధారంగా వాడుకునేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

ఎన్నికల సభలో ఒక వక్త ఎదుటి అభ్యర్థిని "మేకవన్నె పులి" అన్నాడనుకోండి. అతడు ఏ ఆధారమూ చూపనక్కరలేదు. విన్నవారు కూడా వివరణ అడగరు. పైకి మేకలా కనిపించేది లోపల పులి అని, దాన్ని నమ్మితే మందకు ముప్పు తప్పదని అందరికీ ముందే తెలుసు. ఒక్క మాటతో అభ్యర్థి గుణం, అతని ఉద్దేశం, అతన్ని నమ్మినవారి గతి అన్నీ చెప్పినట్లయింది. కథతో పోల్చి ఎగతాళి చేయడంలో ఉన్న బలం ఇదే. దానిలోని ప్రమాదమూ ఇదే. కథకు ముగింపు ముందే నిర్ణయమై ఉంటుంది. ఎన్నికకు, చరిత్రకు అలాంటి ముగింపు ఉండదు.

ఈ విషయాన్ని 19వ శతాబ్దపు అమెరికా వ్యంగ్యచిత్రాల ఆధారంగా పరిశీలిద్దాం. ఈ పద్ధతి అక్కడ ఎంతగా పాతుకుపోయిందంటే, వెక్కిరింతగా గీసిన రెండు జంతువులు నేటికీ ఆ దేశపు రెండు ప్రధాన పార్టీల గుర్తులుగా నిలిచి ఉన్నాయి.

2. నేపథ్యం

వ్యంగ్యచిత్రం ప్రచార సాధనంగా ఎదగడానికి మూడు కారణాలు దోహదం చేశాయి. మొదటిది అచ్చు. చిత్రాన్ని చెక్క దిమ్మపై చెక్కి, అక్షరాలతో పాటు అచ్చువేసే పద్ధతి వల్ల సచిత్ర వారపత్రికలు వ్యాపించాయి. 1857లో న్యూయార్క్‌లో ప్రారంభమైన 'హార్పర్స్ వీక్లీ' వీటిలో ముఖ్యమైనది. రెండవది పార్టీల మధ్య తీవ్రమైన పోటీ. అంతర్యుద్ధం (1861–65) ముగిసినా దాని కక్షలు చల్లారలేదు. ఆనాటి పత్రికలు చాలావరకు ఏదో ఒక పార్టీ పక్షాన నిలిచి రాసేవి. మూడవది అందరికీ తెలిసిన కథల నిధి. ఈసపు కథలు పాఠశాలల్లోనూ ఇళ్లలోనూ వినబడేవి. సంపాదకీయం చదివే ఓపిక లేనివారికి, ఇంగ్లీషు అంతగా రాని వలస కార్మికులకు కూడా సింహమంటే ఏమిటో, గాడిదంటే ఏమిటో తెలుసు.

ఈ మూడింటినీ సమర్థంగా వాడుకున్నవాడు థామస్ నాస్ట్. ఇతడు 1840లో జర్మనీలోని లాండౌలో జన్మించి, ఆరేళ్ల వయసులో అమెరికా చేరాడు. అంతర్యుద్ధ కాలం నుంచి హార్పర్స్ వీక్లీకి బొమ్మలు గీశాడు. ఇతడు రిపబ్లికన్ పార్టీ అభిమాని. యుద్ధంలో సేనాని, 1868లోనూ 1872లోనూ అధ్యక్షుడిగా ఎన్నికైన యులిసిస్ గ్రాంట్‌కు గట్టి సమర్థకుడు. నాస్ట్ బొమ్మలను చదివేటప్పుడు ఈ పక్షపాతాన్ని మరచిపోరాదు.

3. చచ్చిన సింహాన్ని తన్నిన గాడిద (1870)

లింకన్ మంత్రివర్గంలో యుద్ధ వ్యవహారాలు చూసిన ఎడ్విన్ స్టాంటన్ 1869 డిసెంబరు 24న మరణించాడు. యుద్ధాన్ని వ్యతిరేకించిన ఉత్తరాది డెమొక్రాట్లను వారి ప్రత్యర్థులు 'కాపర్‌హెడ్' అని పిలిచేవారు. అది అక్కడి ఒక విషసర్పం పేరు. వారి పత్రికలు మరణించిన స్టాంటన్‌ను కూడా వదలకుండా విమర్శించాయి. 1870 జనవరి 15 నాటి హార్పర్స్ వీక్లీలో నాస్ట్ దీనిని బొమ్మగా గీశాడు. నేలపై చచ్చిపడి ఉన్న సింహం స్టాంటన్. దాన్ని వెనుక కాళ్లతో తన్నుతున్న గాడిద కాపర్‌హెడ్ పత్రికలు.

శక్తి ఉడిగిన సింహాన్ని గాడిద తన్నే కథ ఈసపు కథల సంప్రదాయంలో ఉంది. ఆ కథ తెలిసిన పాఠకుడు స్టాంటన్ పరిపాలన మంచిదా చెడ్డదా అని ఆలోచించడు. సింహం గొప్పది, గాడిద నీచమైనది అనే తీర్పు కథలోనే ఉంది. నాస్ట్ ఆ తీర్పును అరువు తెచ్చుకున్నాడు. స్టాంటన్ మీద వచ్చిన విమర్శల్లో నిజమెంత అనే ప్రశ్న బొమ్మ బయటే ఉండిపోయింది.

గాడిదను డెమొక్రాట్లతో జతచేయడం అప్పటికే కొత్తేమీ కాదు. ఆ పార్టీకి చెందిన అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్‌ను గాడిదతో కలిపి గీసిన చిత్రం 1837లోనే వెలువడింది. అయితే ఆ గుర్తును జనంలో స్థిరపరచినది నాస్ట్ అనే చెప్పాలి.

4. సింహం తోలు కప్పుకున్న గాడిద (1874)

1873లో అమెరికాను తీవ్రమైన ఆర్థిక సంక్షోభం కుదిపివేసింది. గ్రాంట్ ప్రభుత్వంపై అవినీతి ఆరోపణలు పెరిగాయి. ఈ స్థితిలో 'న్యూయార్క్ హెరాల్డ్' పత్రిక ఒక భయాన్ని ప్రచారం చేసింది. గ్రాంట్ మూడోసారి అధ్యక్ష పదవికి పోటీ చేస్తాడని, రోమన్ సీజర్‌లా నియంతగా మారుతాడని దాని సారాంశం. రెండు పదవీకాలాలతో విరమించుకోవడం వాషింగ్టన్ కాలం నుంచి వస్తున్న ఆచారమే గాని, అప్పటికి రాజ్యాంగ నిబంధన కాదు. అది 1951లో 22వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరింది.

నాస్ట్ దీనికి జవాబుగా 1874 నవంబరు 7 నాటి సంచికలో ఒక బొమ్మ గీశాడు. అందులో న్యూయార్క్ హెరాల్డ్ సింహం తోలు కప్పుకున్న గాడిద. ఆ తోలుపై 'సీజరిజం' అని రాసి ఉంటుంది. దాని అరుపుకు అడవిలోని జంతువులు బెదిరి పరుగెడుతుంటాయి. వాటిలో అన్నిటికంటే పెద్దది 'రిపబ్లికన్ ఓటు' అని రాసిన ఏనుగు. అది బెదురులో అడుగు తప్పి, బలహీనమైన పలకలు కప్పిన గోతి అంచుకు వచ్చి ఉంటుంది. ఇందులో డెమొక్రటిక్ పార్టీ గాడిద కాదు, నక్క. అంటే గుర్తులు అప్పటికి ఇంకా స్థిరపడలేదన్నమాట.

ఈ కథ తెలుగువారికి కొత్తది కాదు. పంచతంత్రంలో ఒక చాకలివాడు తన గాడిదకు పులితోలు కప్పి చేలలోకి వదులుతాడు. పులి అనుకుని కాపలావాళ్లు దూరంగా ఉంటారు. చివరకు గాడిద ఓండ్ర పెట్టగానే గుట్టు బయటపడుతుంది. బౌద్ధ జాతక కథలలోని సీహచమ్మ జాతకంలో ఇదే కథ సింహచర్మంతో ఉంది. ఒకే కథ భారతదేశంలోనూ గ్రీకు సంప్రదాయంలోనూ ప్రచారంలో ఉండి, 1874లో న్యూయార్క్ పత్రిక పుటపై ఎన్నికల ఆయుధంగా మారింది.

5. కథ ముగింపు, చరిత్ర ముగింపు

గాడిద అరుపు ఒట్టి బూటకమని, భయపడినవారు మూర్ఖులని కథ చెబుతుంది. చరిత్రలో ఏం జరిగింది?

మొదటి విషయం: 1874 ఎన్నికల్లో రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో ఆధిక్యం కోల్పోయారు. నవంబరు 21 సంచికలో నాస్ట్ ఏనుగు గోతిలో పడినట్లే గీశాడు. కాని ఆ ఓటమికి మూడో పదవీకాలపు భయం ఒక్కటే కారణం కాదు. ఆర్థిక సంక్షోభం, అవినీతి, దక్షిణాది పునర్నిర్మాణ విధానంపై అసంతృప్తి ప్రధాన కారణాలు. ఉపాధి పోయిన కార్మికుడు ఓటు మార్చుకోవడానికి గాడిద అరుపు అవసరం లేదు. బొమ్మ అతన్ని కూడా బెదిరిన ఏనుగులోనే కలిపేసింది.

రెండవ విషయం: ఆ భయం పూర్తిగా బూటకమూ కాదు. 1875 డిసెంబరులో ప్రతినిధుల సభ మూడో పదవీకాలానికి వ్యతిరేకంగా భారీ ఆధిక్యంతో తీర్మానం చేసింది. గ్రాంట్ 1876లో పోటీ చేయలేదు. కాని 1880లో షికాగోలో జరిగిన రిపబ్లికన్ మహాసభలో అతని పేరు మళ్లీ ముందుకు వచ్చింది. 36వ విడత ఓటింగులో గార్‌ఫీల్డ్ అభ్యర్థిగా ఎంపికయ్యేంతవరకు గ్రాంట్ వర్గం పట్టు వదలలేదు. నాస్ట్ గాడిద అరుపుగా కొట్టిపారేసిన ప్రశ్న నిజానికి ప్రజాస్వామ్యానికి చాలా ముఖ్యమైన ప్రశ్న.

మూడవ విషయం: వెక్కిరింత గీసినవాడి చేయి దాటిపోయింది. బెదిరి గోతిలో పడిన ఏనుగును రిపబ్లికన్ పార్టీ క్రమంగా బలానికి, హుందాతనానికి చిహ్నంగా స్వీకరించింది. డెమొక్రటిక్ పార్టీ గాడిదను లాంఛనంగా ఆమోదించకపోయినా అది వాడుకలో ఆ పార్టీ గుర్తుగా స్థిరపడింది. మన దేశ పద్ధతితో దీన్ని పోల్చి చూడండి. 1951–52 తొలి సాధారణ ఎన్నికల్లో, చదువురాని ఓటర్లు గుర్తుపట్టడానికి వీలుగా ఎన్నికల సంఘం పార్టీలకు గుర్తులను కేటాయించింది. కాంగ్రెస్‌కు కాడి ఎద్దులు అలా వచ్చినవే. అమెరికా గుర్తులు వెక్కిరింత నుంచి పుట్టాయి. మన గుర్తులు పరిపాలనా అవసరం నుంచి పుట్టాయి.

6. జంతువు ముసుగు లేనప్పుడు: గ్రీలీ ఉదంతం (1872)

పై రెండు చిత్రాల్లో ఎగతాళి పత్రికల మీద, ఓటర్ల సమూహం మీద సాగింది. అదే ఒక వ్యక్తి మీద, కథ చాటు లేకుండా సాగితే ఎలా ఉంటుందో 1872 ఎన్నిక తెలుపుతుంది. గ్రాంట్‌పై పోటీ చేసిన హొరేస్ గ్రీలీ 'న్యూయార్క్ ట్రిబ్యూన్' సంపాదకుడు. ఉత్తర, దక్షిణ ప్రాంతాలు పాత పగలు మరచి చేతులు కలపాలని అతడు కోరాడు. నాస్ట్ ఈ పిలుపును తీసుకుని, లింకన్ సమాధి మీదుగా గ్రీలీ హంతకుడు బూత్‌తో చేయి కలుపుతున్నట్లు గీశాడు. గ్రీలీ భార్య అక్టోబరు 30న మరణించింది. నవంబరు 5న అతడు ఘోరంగా ఓడిపోయాడు. నవంబరు 29న తానూ మరణించాడు. ఈ మరణానికి వ్యంగ్యచిత్రాలే కారణమని చెప్పడం సరికాదు. కాని రాజీ కోరిన మనిషిని హంతకుడి మిత్రుడిగా చూపడం విమర్శ అనిపించుకోదు. నీతికథ జంతువుకు ఒక మేలు ఉంది: అది గుణాన్ని వెక్కిరిస్తుంది, మనిషిని కొంత వదిలిపెడుతుంది.

7. ఒకే దిష్టిబొమ్మ, రెండు అర్థాలు (1906, 1964)

1900లో ఎల్. ఫ్రాంక్ బామ్ రాసిన 'ద వండర్‌ఫుల్ విజార్డ్ ఆఫ్ ఓజ్' అనే బాలల కథ వెలువడింది. అందులో మెదడు కోసం వెదికే గడ్డి దిష్టిబొమ్మ, గుండె కోరే రేకు మనిషి, ధైర్యం లేని సింహం ముఖ్య పాత్రలు. 1903 నుంచి న్యూయార్క్‌లో ఆడిన దీని నాటకరూపం ఆ పాత్రలను నగరమంతటికీ పరిచయం చేసింది. 1906లో పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్‌స్ట్ న్యూయార్క్ గవర్నరు పదవికి పోటీ చేశాడు. అప్పుడు హార్పర్స్ వీక్లీలో డబ్ల్యు. ఎ. రోజర్స్ అతన్ని ఆ దిష్టిబొమ్మగా, తన చుట్టూ తానే పోసుకున్న బురదలో చిక్కుకున్నట్లుగా గీశాడు. 'ఓజ్' అనే పేరును బురద అనే అర్థం వచ్చే 'ఊజ్'గా మార్చి శీర్షిక పెట్టాడు. పైకి మనిషి, లోపల గడ్డి అని దీని భావం. ఆ ఎన్నికలో హర్‌స్ట్ చార్లెస్ ఎవాన్స్ హ్యూజ్ చేతిలో ఓడిపోయాడు.

1964లో హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే ఉపాధ్యాయుడు ఇదే కథకు మరో వ్యాఖ్యానం ప్రచురించాడు. అతని ప్రకారం పసుపు ఇటుకల దారి బంగారు నాణేల విధానం, దిష్టిబొమ్మ పశ్చిమ ప్రాంతపు రైతు, రేకు మనిషి కార్మికుడు. పిరికి సింహం మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్. ఈ వ్యాఖ్యానం తరగతి గదుల్లో బాగా ప్రచారం పొందింది. కాని బామ్ ఉద్దేశం ఇదేనని చెప్పడానికి ఆధారం లేదని లిటిల్‌ఫీల్డే తరువాత అంగీకరించాడు.

ఇక్కడ విద్యార్థి గమనించవలసిన భేదం ఉంది. రోజర్స్ చిత్రం 1906 ఎన్నికకు సమకాలిక ఆధారం. లిటిల్‌ఫీల్డ్ వ్యాసం 1890ల రాజకీయాలకు ఆధారం కాదు, వాటిపై తరువాతి కాలపు ఊహ. ఒకే దిష్టిబొమ్మ ఒకరికి పత్రికాధిపతిగా, మరొకరికి రైతుగా కనిపించింది. కథాపాత్ర ఎవరికి ముడిపెడితే వారికి అతుకుతుంది. అతికినంత మాత్రాన అది నిజమైపోదు.

8. వ్యంగ్యచిత్రాన్ని పరిశీలించే విధానం

ఇలాంటి చిత్రం ఎదురైనప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి.
• గీసినవారు, ప్రచురించిన పత్రిక ఏ పక్షం?
• వాడుకున్న కథ ఏది? ఆ కథ ముందే ఇచ్చే తీర్పు ఏమిటి?
• ఆ పోలిక వల్ల ఏ ప్రశ్న మరుగున పడింది?
• తరువాత జరిగిన సంఘటనలు ఆ తీర్పును సమర్థించాయా?

చిత్రం వల్ల గీసినవారి అభిప్రాయం, ఆనాటి పాఠకులకు ఏ కథలు తెలుసు అనే విషయం స్పష్టంగా తెలుస్తాయి. ఓటర్లందరూ అలాగే భావించారని మాత్రం దానినిబట్టి నిర్ణయించలేం.

9. సారాంశం

కథలతో పోలిక అధికారంలో ఉన్నవారిని సామాన్యుడు నవ్వుతూ కొలిచే సాధనం. ఆ నవ్వు ప్రజాస్వామ్యానికి అవసరం. కాని కథ తీర్పును సిద్ధంగా అందిస్తుంది కనుక ఓటరు విచారించవలసిన పనిని తప్పించుకునే వీలు కూడా కల్పిస్తుంది. నాస్ట్ 1874 చిత్రం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో హాస్యం పదునైనది, తీర్పు మాత్రం తొందరపాటుది. నేడు మీ ఊళ్లో ఎవరినైనా కుంభకర్ణుడనో, పులితోలు కప్పుకున్న గాడిద అనో అన్నప్పుడు ముందు నవ్వండి. ఆ తరువాత తోలు ఎత్తి లోపల ఏముందో చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1870 చిత్రంలో సింహం, గాడిద ఎవరికి సంకేతాలు?
2. 1874 చిత్రంలో డెమొక్రటిక్ పార్టీ ఏ జంతువుగా కనిపిస్తుంది?
3. అమెరికా రాజ్యాంగపు 22వ సవరణ దేనికి సంబంధించినది?

నమూనా పరీక్షా ప్రశ్నలు

1. సింహం తోలు కప్పుకున్న గాడిద కథను నాస్ట్ ఎలా వాడుకున్నాడో, చరిత్ర ఆ తీర్పును ఎంతవరకు సమర్థించిందో చర్చించండి.
2. సమకాలిక ఆధారానికి, తరువాతి వ్యాఖ్యానానికి గల భేదాన్ని దిష్టిబొమ్మ ఉదాహరణతో వివరించండి.
3. మీ ప్రాంతంలో ఎన్నికల ప్రచారంలో వినిపించే ఒక కథాపాత్ర పోలికను తీసుకుని, 8వ విభాగంలోని నాలుగు ప్రశ్నల ఆధారంగా పరిశీలించండి.