గిటారు వ్రేళ్ల సాధన: పుట్టుపూర్వోత్తరములు

1842లో ఫాదర్ హేయరు గుంటూరునకు వచ్చి లూథరను మిషనును నెలకొల్పిన పిమ్మట ఈ సీమ పల్లెలలో క్రమముగా వెలసిన ప్రార్థనామందిరములలో నేడు ఆదివారపు పాటలకు గిటారు తోడగుట వింత గాదు. ప్రత్తి, మిరప పండు పెదకాకాని ప్రాంతమునను ఆ వాద్యమును చేతబట్టిన యువకులు కానవచ్చుచున్నారు. పాటకు పూర్వము వారు చేయు పని యొకటి కలదు. ఎడమచేతి నాలుగు వ్రేళ్లను నాలుగు మెట్లపై ఒకదాని వెంట నొకటిగా నుంచి మీటుచు, ఆరవ తీగెనుండి మొదటి తీగెవరకు పోయి, వచ్చిన దారినే మరలుదురు. రాగము గాని, సాహిత్యము గాని లేని యీ వరుస వెనుక రెండు శతాబ్దముల చరిత్ర యున్నది.

పదునెనిమిదవ శతాబ్ది చివర, అంతవరకు జంటతీగెలతో నుండిన గిటారు ఆరు ఒంటితీగెల వాద్యముగా స్థిరపడెను. గురువు చెంతలేనివారును అచ్చుపుస్తకము చూచి నేర్వగోరు కాలమది. ఇటలీ దేశీయుడగు మౌరో జూలియాని 1806లో వియన్నా నగరము చేరి, 1812లో తన మొదటి సంఖ్యగల గ్రంథమును ప్రకటించెను. అందు కుడిచేతికి 120 అభ్యాసములు గలవు. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, అవన్నియు రెండే స్వరమేళములపై నడచును; ఎడమచేతికి పని మిక్కిలి తక్కువ; కుడిచేతి వ్రేళ్లు మాత్రము ప్రతిపర్యాయము క్రొత్త క్రమమున తీగెలను మీటవలెను. కష్టమును ఒకచేతికే పరిమితము చేసి, దానిని నూట యిరువది ముఖముల పరీక్షించిన యా బుద్ధికుశలతను నేను మిక్కిలి గౌరవింతును. తరువాత స్పెయినువారగు అగ్వాదో, సోర్ తమ బోధనగ్రంథములు వ్రాసిరి. గోటితో మీటవలెనని మొదటివాడు, వ్రేలికొనతోనే మీటవలెనని రెండవవాడు వాదించిరి. 1953లో గిటారు వాదకుడు సెగోవియా స్వరశ్రేణుల పుస్తకము ప్రకటించి, దినమునకు రెండు గంటలు వానిని సాధింపుమనెను.

ఇంతటి శ్రమకు హేతువు మన చేతి నిర్మాణముననే యున్నది. వ్రేళ్లను కదల్చు ప్రధాన కండరములు ముంజేతియందుండును. చూపుడువ్రేలికిని, చిటికెనవ్రేలికిని పైకెత్తుటకు ప్రత్యేక కండరములు గలవు, ఉంగరపువ్రేలికి లేదు. పైగా దాని స్నాయువు ఇరుగుపొరుగు వ్రేళ్ల స్నాయువులతో ముడిపడి యున్నది. కావున అది యొంటరిగా లేచుటకు తడబడును. ఆ తడబాటును బలాత్కారముతో తొలగింపబూనుట ప్రమాదకరము. పియానో వాదకుడు కాదలచిన షూమన్ యౌవనముననే కుడిచేయి చెడి ఆ యాశను వదలుకొనవలసివచ్చెను. పగలెల్ల తొడిమ పట్టి మిరపకాయ కోసిన చేతులు సాయంకాలమునకే అలసియుండును గనుక, అట్టివారు మొదటి వరుసలను మిక్కిలి మెల్లగ వాయించుట మేలు.

అయితే మన దేశమున ఇట్టి అభ్యాసము ఇంకను ప్రాచీనము. 1564లో కీర్తిశేషుడైన పురందరదాసు సరళీవరుసలను, జంటవరుసలను, అలంకారములను ఏర్పరచెనని సంప్రదాయము చెప్పును. అందు వ్రేలు చెవిని విడిచి పోదు. మాయామాళవగౌళ రాగస్వరములను నోటితో పాడుచునే వీణపై పలికింతురు, తాళము తప్పనీయరు. పాలకొల్లున 1969లో జన్మించిన శ్రీనివాసు పాశ్చాత్యవాద్యమగు మాండలినును కర్ణాటక సంగీతమునకు వశపరచిన పిదప, గిటారునకు ఈ మార్గము తగదనుటకు కారణము నాకు గోచరింపదు.

గిటారుపై వ్రేళ్లకును ఆ రాగము మిక్కిలి అనుకూలము. ఐదవ తీగె మూడవ మెట్టున ఉంగరపువ్రేలితో షడ్జము, నాల్గవ మెట్టున చిటికెనవ్రేలితో రిషభము. నాల్గవ తీగె రెండవ, మూడవ మెట్లపై గాంధార మధ్యమములు. మూడవ తీగెను వట్టిగా మీటిన పంచమము, దాని మొదటి మెట్టున చూపుడువ్రేలితో ధైవతము, నాల్గవ మెట్టున చిటికెనవ్రేలితో నిషాదము. రెండవ తీగె మొదటి మెట్టున తారషడ్జము. నాలుగు వ్రేళ్లకును పని కలిగినది. చేయి జరుపవలసిన పని లేదు. ఆదితాళమున మొదటి కాలమునందు ఇది స్థిరపడిన పిమ్మటనే రెండవ, మూడవ కాలములకు పోవలెను.