గాలి తీసేస్తే చాలదు

నికొలా అపేర్ అనే ఫ్రెంచి మిఠాయి వ్యాపారి గాజు సీసాల్లో మాంసం, కూరగాయలు నింపి, బిరడా బిగించి, మరిగే నీళ్లలో ఉడికించి నెలల తరబడి నిలవ చేశాడు. 1810లో ఆ పద్ధతిని పుస్తకంగా అచ్చువేసినందుకు ప్రభుత్వం 12,000 ఫ్రాంకులిచ్చింది. సీసాలో ఆక్సిజన్ లేకపోవడమే దాని రహస్యమని రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్ తేల్చాడు. కానీ తిండిని పాడుచేసేవి సూక్ష్మజీవులనీ, వాటిని చంపింది వేడి అనీ 1860లలో పాశ్చర్ ప్రయోగాల తర్వాతే స్పష్టమైంది. ఆ పాత పొరపాటే ఇవాళ అడవుల్లో గుడారాలేసుకునేవాళ్ల సంచుల్లోకి మళ్లీ చేరుతోందని నా ఆందోళన. ఇంట్లో వండిన కూరను వాక్యూమ్ కవర్లో సీల్ చేస్తే ఇక ఫ్రిజ్ అక్కర్లేదనుకోవడం చాలా ప్రమాదం. 1895లో బెల్జియంలో పలుచని ఉప్పునీటిలో ఊరిన పంది మాంసం తిని ముగ్గురు చనిపోయారు. గాలి లేనిచోటే పెరిగి విషం పుట్టించే బాక్టీరియాను వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త అందులోనే పట్టుకున్నాడు.

ఆవకాయ మీద నూనె తేలి గాలిని ఆపబట్టే కదా ఏడాదిపాటు ఉంటోంది అని ఎవరైనా అడగవచ్చు. నూనె పైబూజును ఆపే మాట నిజమే. అసలు కాపలా మాత్రం ఉప్పుది, మామిడి పులుపుది. అలాగని వాక్యూమ్ సీలింగ్ వ్యర్థమనను: జంతికలకు తేమ తగలకుండా, నూనె మక్కిన వాసన రాకుండా అది బాగా కాపాడుతుంది. తడి కూరకైతే సీల్ చేశాక కూడా ఐసుపెట్టె ఉండాల్సిందే.